మంట కన్నా ముందు చేరాల్సిన కబురు

వాహనంలో మంట అనగానే రెండు బండ్లు ఢీకొన్న దృశ్యమే మనసులో మెదులుతుంది. దేన్నీ తాకకుండా సాఫీగా పోతున్న కారులోనో, రాత్రి ఇంటి ముందు ఆపి ఉంచిన స్కూటర్‌లోనో పొగ లేవడం ఇంకో రకం ప్రమాదం. దాని కారణం బండి లోపలే ఉంటుంది. చిట్లిన ఇంధన గొట్టం, ఒరుసుకుపోయిన వైరు, పుట్టుకతోనే లోపమున్న బ్యాటరీ సెల్లు వంటివి అందుకు దారితీస్తాయి. వీటిలో కొన్ని సరిగా చూసుకోకపోవడం వల్ల వస్తాయి. కొన్ని తర్వాత బిగించిన అదనపు సామానుతో వస్తాయి. మిగిలినవి ఫ్యాక్టరీలోనే బండితో పాటు పుడతాయి. ఈ చివరి రకం ఒక్క బండితో ఆగదు. అదే నెలలో అదే విడిభాగంతో తయారైన వేలాది బండ్లలో ఆ లోపం పొంచి ఉంటుంది. దాన్ని ఊళ్లో మెకానిక్ సరిచేయలేడు. తయారీదారే ఆ బండ్లన్నిటినీ వెనక్కి పిలిచి, సొంత ఖర్చుతో బాగుచేయాలి. దీన్నే రీకాల్ అంటున్నారు.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల ప్రాంతం బండ్ల మీదే బతుకుతోంది. చెన్నై-కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం మీదుగా పోతుంది. గూడెం ఉల్లి మార్కెట్‌కు కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీలు వస్తాయి. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు నుంచి ఐసు పెట్టెల్లో చేపలు బెంగాల్‌కు, అస్సాంకు బయలుదేరతాయి. చీకటి పడితే హైదరాబాద్ ట్రావెల్స్ బస్సులు వరసకడతాయి. ఇంత రాకపోకలున్న చోట, ఫలానా బండిలో లోపం ఉందన్న కబురు ఆ బండి నడిపే మనిషికి అందుతుందా అన్నది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న.

మంట ఎక్కడ పుడుతుంది

ముందు ఇంధనం సంగతి. పెట్రోలు గడ్డకట్టే చలిలో కూడా ఆవిరవుతుంది. ఆ ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. డీజిల్ అలా కాదు, మామూలు వేడిలో అగ్గిపుల్లకు కూడా తేలిగ్గా అంటుకోదు. అందుకే డీజిల్ బండి భద్రమన్న నమ్మకం డ్రైవర్లలో గట్టిగా ఉంది. ఆ నమ్మకం సగమే నిజం. నిప్పురవ్వ లేకుండా, వట్టి వేడికే అంటుకునే గుణం పెట్రోలు కన్నా డీజిల్‌కే ఎక్కువ. లోడుతో పోతున్న లారీలో టర్బో, ఇంజిన్‌ను ఆనుకుని ఉండే సైలెన్సర్ గొట్టం 500 డిగ్రీలు దాటడం మామూలే. ఇంజెక్టర్ గొట్టం బీటవారి సన్నని తుంపరలా డీజిల్ దాని మీద పడితే రవ్వతో పని లేదు. బ్రేక్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్, ఇంజిన్ ఆయిల్ కూడా కాగిన ఇనుము మీద పడితే ఇలాగే అంటుకుంటాయి.

కరెంటుతో వచ్చే మంట ఇంకా సామాన్యం. కార్లలో 12 వోల్టులు, బస్సుల్లో, లారీల్లో 24 వోల్టులు ఉంటాయి. తాకితే మనిషికి షాక్ కొట్టని వోల్టేజీ కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. బ్యాటరీ నుంచి ఒక్కసారిగా వందల ఆంపియర్లు బయటికి వస్తే లావుపాటి వైరు కూడా క్షణాల్లో ఎర్రబడుతుంది. ఆ ప్రవాహాన్ని తెంచడానికే ఫ్యూజు. అది పదేపదే పోతోందని అంతకన్నా పెద్ద ఫ్యూజు వేయడమో, రాగి తీగ చుట్టేయడమో చేస్తే ఆ కాపలాదారును చేతులారా పంపేసినట్టే.

అదనపు లైట్ల లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. హెడ్‌లైట్‌లో కంపెనీ ఇచ్చే మామూలు బల్బు 60 వాట్లు. 12 వోల్టుల మీద అది 5 ఆంపియర్లు లాగుతుంది. వెలుగు చాలడం లేదని 100 వాట్ల బల్బు పెడితే 8 ఆంపియర్లు దాటుతుంది. వైరులో పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అదే పాత వైరు దాదాపు 2.8 రెట్లు వేడెక్కుతుంది. రిలే పెట్టి, లావు వైరు లాగి, విడిగా ఫ్యూజు వేస్తే ఈ ముప్పు తగ్గుతుంది. కానీ ఉన్న వైరును మధ్యలో కోసి, టేపు చుట్టి అతికించే పద్ధతే ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన ఇబ్బందులు మరికొన్ని ఉన్నాయి. చేపల లారీలో ఐసు కరిగి నీళ్లు ఛాసిస్ మీదికి కారుతూనే ఉంటాయి. రొయ్యల చెరువుల వైపు తిరిగే బండ్లకు ఉప్పునీరు కూడా తోడవుతుంది. కనెక్టర్ల లోపలి లోహం తుప్పుపట్టి, జాయింటు వదులై, అక్కడే వేడి పుడుతుంది. వరిచేల మధ్య ఊళ్లలో రోజుల తరబడి కదలని కారు బానెట్ కింద ఎలుకలు చేరి వైరు తొడుగు కొరికేస్తాయి. వేసవిలో మంట లేస్తే ఎండకు అంటుకుందంటారు. 45 డిగ్రీల ఎండకు ఏ వైరూ, ఏ గొట్టమూ కాలదు. రబ్బరును పెళుసు చేసి, ఇంజిన్ గది చల్లబడకుండా ఆపి, అప్పటికే ఉన్న లోపాన్ని ఎండ ముదరబెడుతుంది. ఎండ మీదికి నెట్టేస్తే అసలు లోపం మిగిలిన బండ్లలో అలాగే ఉండిపోతుంది.

గ్యాసుతో నడిచే సీఎన్‌జీ బండ్లలోనూ ముప్పుంది, అందుకే సిలిండర్‌ను మూడేళ్లకోసారి నీటి పీడనంతో పరీక్షించాలన్నది నియమం. ఆ తేదీ సిలిండర్ మీదే చెక్కి ఉంటుంది.

2022 ఏప్రిల్

తెలుగు నేల మీద తయారీ లోపం, రీకాల్ అన్న మాటలు ఇంటింటా వినిపించింది 2022 ఏప్రిల్‌లో. ఆ ఏడాది మార్చి 26న పుణెలో ఓలా ఎస్1 ప్రో స్కూటర్ రోడ్డు పక్కన కాలిపోయిన వీడియో దేశమంతా తిరిగింది. అదే నెలలో తమిళనాడులోని వెల్లూరులో చార్జింగ్ పెట్టిన స్కూటర్ అంటుకుని తండ్రీకూతుళ్లు చనిపోయారు. ఏప్రిల్ మూడో వారంలో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి 80 ఏళ్ల వృద్ధుడు ప్రాణాలు కోల్పోయాడు. ఏప్రిల్ 23న, ఏలూరుకు 60 కిలోమీటర్ల దూరంలోని విజయవాడలో, పడకగదిలో చార్జింగ్ అవుతున్న బ్యాటరీ పేలింది. ఇంటి యజమాని మరణించాడు, భార్యాపిల్లలు గాయపడ్డారు. ఆ స్కూటర్ అంతకుముందు రోజే కొన్నది. బండిని సరిగా చూసుకోలేదన్న మాట అనడానికి ఇక్కడ చోటే లేదు.

ఆ ఏప్రిల్‌లోనే, పది రోజుల్లోపు, మూడు రీకాల్‌లు వచ్చాయి. ఒకినావా 3,215 ప్రైజ్ ప్రో స్కూటర్లను, హైదరాబాద్ కంపెనీ ప్యూర్ ఈవీ 2,000 బండ్లను, ఓలా 1,441 బండ్లను వెనక్కి పిలిచాయి. లోపమున్న బండ్లను వెనక్కి తీసుకోవాలని, నిర్లక్ష్యం తేలితే భారీ జరిమానా తప్పదని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ ఏప్రిల్ 21న ప్రకటించారు. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో లాడ్జి ఉన్న భవనంలోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పొగ పైఅంతస్తులకు కమ్మి 8 మంది చనిపోయారు.

లిథియం బ్యాటరీ మంట మిగతావాటి లాంటిది కాదు. ఒక్కో బ్యాటరీలో పదుల కొద్దీ, కొన్నిటిలో వందల కొద్దీ సెల్లులు ఉంటాయి. ప్రతి సెల్లులోనూ రెండు ధ్రువాల మధ్య కాగితం కన్నా పలుచని ప్లాస్టిక్ పొర అడ్డుగా ఉంటుంది. లోహపు నలుసు వల్లనో, మడతపడటం వల్లనో ఆ పొర చిరిగితే లోపలే షార్ట్ అవుతుంది. వేడికి లోపలి రసాయనాలు విడిపోయి ఇంకా వేడిని పుట్టిస్తాయి. అది పక్క సెల్లుకు అంటుకుంటుంది, అక్కణ్నుంచి ఆ పక్కదానికి. బయటి గాలి ఆపినా ఇది ఆగదు, ఎందుకంటే మండడానికి కావలసినవన్నీ లోపలే ఉన్నాయి. పొడి చల్లితే పైమంట తగ్గినట్టు కనిపించి కాసేపటికి మళ్లీ లేస్తుంది. చాలాసేపు ధారగా నీళ్లు పోసి చల్లబరచడం ఒక్కటే పనిచేస్తుంది. ఇంట్లో అది ఎవరికీ సాధ్యం కాదు. అందుకే చార్జింగ్ వసారాలోనో, వాకిట్లోనో పెట్టాలి, తలుపు దగ్గర మాత్రం పెట్టకూడదు. మంట లేస్తే బయటికి పోవలసిన దారి అదే.

మార్చి, ఏప్రిల్ మరణాల తర్వాత కేంద్రం నిపుణుల కమిటీలు వేసింది. అదనపు భద్రతా ప్రమాణాలు సూచించిన కమిటీకి హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ అప్పటి డైరెక్టర్ టాటా నరసింగరావు అధ్యక్షుడు. ఆ సూచనల మేరకు ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలకు వర్తించే ఏఐఎస్ 156 ప్రమాణాన్ని సవరించి, 2022 డిసెంబరు 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత అమలు చేశారు. సెల్లుల మధ్య తగినంత ఎడం, వేడిని కనిపెట్టే సెన్సర్లు, లోపలి వాయువు బయటికి పోయే దారి, ప్రమాదం ముందే తెలిపే శబ్దం, వెలుగు అందులో ఉన్నాయి. ఒక సెల్లులో షార్ట్ అయినా మంట బయటికి రాకూడదన్న పరీక్ష కూడా పెట్టారు. పాత స్కూటర్ కొనేవాళ్లు చూడవలసిన గీత ఇక్కడుంది. 2023 మార్చికి ముందు తయారైన బండి ఈ రెండు విడతలూ పూర్తికాకముందు వచ్చిన బండి.

బస్సులు

2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును గుద్దుకుంది. డీజిల్ ట్యాంకు చిట్లి, నిమిషాల్లో బస్సంతా అంటుకుని 45 మంది సజీవ దహనమయ్యారు. రెండు వారాల్లో, నవంబరు 14న, కర్ణాటకలోని హావేరి దగ్గర మరో వోల్వో బస్సు అలాగే కాలి 7 మంది పోయారు. 2024 మే 15న ఓటు వేసి హైదరాబాద్ తిరిగి వెళ్తున్నవారి బస్సు చిలకలూరిపేట దగ్గర టిప్పర్‌ను ఢీకొని కాలిపోయింది, ఆరుగురు మరణించారు. 2025 అక్టోబరు 24 వేకువన కర్నూలు దగ్గర చిన్నటేకూరులో, రోడ్డు మీద పడి ఉన్న మోటార్‌సైకిల్‌ను బస్సు ఈడ్చుకుపోయి అంటుకుంది. బస్సులో 19 మంది ప్రయాణికులు కాలిపోయారు.

ఈ నాలుగింటిలోనూ మొదటి దెబ్బ బయటి నుంచే తగిలింది. అయినా వీటిని పూర్తిగా వేరే లెక్కలో వేయడం సరికాదు. ట్యాంకు ఎక్కడ అమర్చారు, దెబ్బకు అది ఎంత తట్టుకుంటుంది, సీట్ల ఫోమ్, కర్టెన్లు ఎంత త్వరగా మండుతాయి, నిద్రలో ఉన్న మనిషి ఏ తలుపు నుంచి దిగాలి అన్నవన్నీ తయారీలో తీసుకున్న నిర్ణయాలే. 1970లలో అమెరికాలో ఫోర్డ్ పింటో కారు విషయంలో తేలింది ఇదే. వెనుక నుంచి ఢీకొంటే ట్యాంకు చిట్లి అంటుకుంటోందన్న ఫిర్యాదులు పెరిగి, 1978లో సుమారు 15 లక్షల కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఢీకొట్టింది ఎవరైనా, ట్యాంకును అక్కడ పెట్టింది తయారీదారు.

మన దగ్గర బస్సు బాడీకి ఏఐఎస్ 052, స్లీపర్‌కు ఏఐఎస్ 119, ఇంజిన్ గదిలో మంటను పసిగట్టి తనంతట తానే ఆర్పే పరికరానికి ఏఐఎస్ 135 ప్రమాణాలు ఉన్నాయి. సీటింగ్ బస్సును కొన్న తర్వాత బెర్తులు బిగించి స్లీపర్‌గా మార్చినా, అత్యవసర ద్వారానికి అడ్డంగా సీటు వేసినా, ఆ ప్రమాణాలు కాగితం మీదే మిగులుతాయి. మార్చిన బండిలో వైరింగ్ కాలితే తయారీదారు తన బాధ్యత కాదంటాడు, మార్చినవాడు కనిపించడు.

వెనక్కి పిలిచే చట్టం

మన దేశంలో చాలాకాలం రీకాల్ కంపెనీల ఇష్టం మీదే నడిచింది. 2010 ఫిబ్రవరిలో మారుతి ఇంధన పంపు గాస్కెట్ దగ్గర పెట్రోలు కారే అవకాశం ఉందని లక్ష ఎ-స్టార్ కార్లను పిలిచింది. అదే ఏడాది నవంబరులో, నానో కార్లు కొన్ని కాలిపోయాక, టాటా మోటార్స్ సైలెన్సర్ వైపు, వైరింగ్‌లో అదనపు రక్షణ ఉచితంగా అమరుస్తామంది, కానీ దాన్ని రీకాల్ అనడానికి ఇష్టపడలేదు. వాహన తయారీదారుల సంఘం సియామ్ 2012లో స్వచ్ఛంద రీకాల్ నియమావళి తెచ్చింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 110ఎ సెక్షన్‌తో రీకాల్‌కు చట్టబలం వచ్చింది. నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. నిర్ణీత శాతం యజమానులు ఫిర్యాదు చేసినా, పరీక్షా సంస్థ నివేదిక ఇచ్చినా, మరో మార్గంలో తెలిసినా కేంద్రం రీకాల్‌కు ఆదేశించవచ్చు. తయారీదారు బాగుచేయాలి, లేదా బండి మార్చి ఇవ్వాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి. ఆదేశించాక చేస్తే 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా. ముందే తానై చెప్పుకుంటే జరిమానా లేదు.

ఇది ఏడేళ్లలోపు బండ్లకే. ఏలూరు, గూడెం రోడ్ల మీద అంతకన్నా పాత ఆటోలు, వ్యాన్లు, లారీలు ఎన్నో ఉన్నాయి. అమెరికాలో ఉచిత మరమ్మతు బాధ్యత 15 ఏళ్లు. బండ్లను పదిహేనేళ్లకు పైగా నడుపుకునే దేశంలో ఏడేళ్ల హద్దు న్యాయంగా లేదు.

కంపెనీ ముందుగా పూనుకుంటే ఏం జరుగుతుందో చెప్పే ఉదాహరణ 2023 ఆగస్టులో ఉంది. ఇంజిన్ గదిలో వైర్ల కట్ట ఒరుసుకుని తెగే ముప్పుందని మహీంద్రా 1,08,306 ఎక్స్‌యూవీ 700 కార్లను తనిఖీకి పిలిచింది. ఆ తర్వాతి నెలలో అమెరికాలో హ్యుందాయ్, కియా కలిపి సుమారు 33.7 లక్షల బండ్లను పిలిచాయి. బ్రేకుల ఏబీఎస్ భాగంలో ఆయిల్ కారి షార్ట్ అవుతోందని, ఇంజిన్ ఆపి ఉంచినా అంటుకోవచ్చని, బాగుచేసే దాకా కారును ఇంటికి దూరంగా ఆరుబయటే పెట్టాలని చెప్పాయి. షెవర్లె బోల్ట్ ఎలక్ట్రిక్ కార్ల విషయంలో జనరల్ మోటార్స్ మొదట కొన్నిటినే పిలిచింది. ఒకే సెల్లులో రెండు తయారీ లోపాలు కలిసినప్పుడు మంట వస్తోందని తేలాక, 2021లో సుమారు 1.42 లక్షల కార్లన్నిటినీ పిలిచింది.

తెగిన రెండు లంకెలు

కబురు బయలుదేరిన చోటు బాగానే ఉన్నా, చేరవలసిన చోటికి రాకుండా మధ్యలో తెగుతోంది. కంపెనీ దగ్గర ఉండేది మొదట కొన్న మనిషి చిరునామా, ఫోన్ నంబరు. కొల్లేటి లంకల్లో, గూడెం చుట్టుపక్కల తిరిగే బండ్లు చాలావరకు రెండో, మూడో చేతివి. అమ్మినవాడు ఫారాల మీద సంతకం పెట్టి ఇస్తాడు, కొన్నవాడు సి బుక్కు సీటు కింద పెట్టుకుని తిరుగుతాడు, పేరు మార్పించుకోడు. బండి అమ్మితే 14 రోజుల్లో, కొన్నవారైతే 30 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలని చట్టంలో 50వ సెక్షన్ చెబుతోంది. జనం దీన్ని పన్ను, చలానాల గొడవగానే చూస్తారు. నిజానికి పాత ఏపీ 37 నంబరు బండి కైకలూరులో మూడో యజమాని దగ్గర ఉంటే, కంపెనీ పంపే రీకాల్ ఉత్తరం మొదటి యజమాని ఎప్పుడో ఖాళీ చేసిన తణుకు అద్దె ఇంటికి పోతుంది.

దీనికి తేలికైన దారి ఒకటుంది. ఛాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. చాలా కంపెనీల వెబ్‌సైట్లలో అది కొడితే బండి మీద రీకాల్ ఉందో లేదో తెలుస్తుంది. యజమాని ఎవరైనా డీలర్ ఆ మరమ్మతుకు డబ్బు తీసుకోకూడదు. అదే నంబరును ఫిట్‌నెస్ పరీక్షలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్, బీమా రెన్యూవల్‌లో ఏజెంటు, కాలుష్య పరీక్ష కేంద్రంలో కుర్రాడు ఎలాగూ చూస్తున్నారు. ఆ మూడు చోట్లా పెండింగ్ రీకాల్ కనిపించేలా బండ్ల రిజిస్ట్రేషన్ వివరాలుండే ‘వాహన్’ వ్యవస్థను కలిపితే మూడో యజమాని దాకా కబురు చేరుతుంది.

రెండో లంకె మంట ఆరిన తర్వాత తెగుతోంది. రోడ్డు మీద కాలిన బండి గురించి రాసే రికార్డులో చివరికి మిగిలేది షార్ట్ సర్క్యూట్ అన్న రెండు మాటలు. అది ఎక్కడ జరిగింది, ఫ్యూజు ఎన్ని ఆంపియర్లది, ఆ వైరు కంపెనీదా తర్వాత వేసిందా, మంట బ్యాటరీ వైపు మొదలైందా సైలెన్సర్ వైపా అన్నవి ఎక్కడా ఉండవు. కాలిన రాగి తీగ చివర కరిగి పూసకట్టిందంటే మంట వేళ దానిలో కరెంటు ఉందని, అక్కడ ఆర్క్ పుట్టిందని అర్థం. తుప్పు మరక ఎక్కువగా పడిన రేకు వేడి ఎక్కడ ముదిరిందో చెబుతుంది. ఇవి చదవగలవారు ఫోరెన్సిక్ ల్యాబుల్లో ఉన్నారు. తాడేపల్లిగూడెంలోనే నిట్ ఆంధ్రప్రదేశ్ ఉంది, అందులో మెకానికల్, ఎలక్ట్రికల్ విభాగాలున్నాయి. ఈ ప్రాంతంలో కాలిన ప్రతి బండి మోడల్, తయారీ నెల, మంట మొదలైన చోటు ఒక్క పట్టికలో చేరితే, ఏడాదిలోనే ఒకే లోపం పదేపదే కనిపిస్తోందా అన్నది తేలుతుంది. ఆ పట్టిక లేకుంటే నిర్ణీత శాతం ఫిర్యాదులు ఎప్పటికీ పోగుపడవు, 110ఎ సెక్షన్‌కు పని పడదు.

నీళ్లలో మునిగిన బండ్లు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో వేల బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ నీరే కొల్లేరుకు చేరి, ఏలూరు-కైకలూరు రాకపోకలు ఆగిపోయాయి. మునిగిన బండి ఆరబెట్టి స్టార్ట్ చేస్తే నడుస్తుంది. అయితే కనెక్టర్లలోకి పోయిన బురద నీరు నెలల తర్వాత పచ్చని తుప్పుగా మారి ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు కరెంటును దారి మళ్లిస్తుంది. లిథియం బ్యాటరీ మునిగితే ప్రమాదం ఇంకా ఆలస్యంగా బయటపడవచ్చు. అలాంటి బండ్లు శుభ్రంగా కడిగి, రంగు వేసి, సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లోకి వస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే బురద గీత, ఫ్యూజు పెట్టె అడుగున ఒండ్రు, సీటు పట్టాల స్క్రూలకు తుప్పు కనిపిస్తాయి. ఆ బండిపై అంతకుముందు బీమా క్లెయిమ్ ఉందా అని కూడా కొనేవారు అడగాలి.

పొగ కనిపించినప్పుడు

కాలుతున్న ప్లాస్టిక్ వాసన, డాష్‌బోర్డ్‌లో ఒక్కసారిగా వెలిగిన గుర్తులు, మసకబారిన హెడ్‌లైట్లు చాలాసార్లు పొగ కన్నా ముందే వస్తాయి. బండిని పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి, అందరినీ దింపేయాలి. బానెట్ పూర్తిగా ఎత్తితే గాలి తగిలి మంట ఎగసిపడుతుంది. కొద్దిగా సందు చేసి ఆ సందులోంచే ఆర్పే పొడి కొట్టాలి. దూరం జరిగాక 101కి గానీ, 112కి గానీ ఫోన్ చేయాలి. సామాను కోసం మళ్లీ లోపలికి పోకూడదు.

తర్వాత కాలిన బండిని తుక్కు వ్యాపారికి అమ్మే తొందర వద్దు. తయారీ లోపమని నిరూపించడానికి అదొక్కటే సాక్ష్యం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తయారీదారు ఉత్పత్తి బాధ్యతకు ప్రత్యేక అధ్యాయం ఉంది. ఏలూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 50 లక్షల రూపాయల దాకా చెల్లించి కొన్న వస్తువులపై ఫిర్యాదులు అక్కడే వేయవచ్చు. గడువు రెండేళ్లు. ఎఫ్ఐఆర్, అగ్నిమాపక శాఖ నివేదిక, బీమా సర్వేయర్ నివేదిక, సర్వీసు బిల్లులు, కదిలించకముందు నాలుగు వైపులా తీసిన ఫొటోలు ఫిర్యాదుకు జతచేయాలి. బండిని స్వతంత్ర నిపుణుడితో పరీక్ష చేయించమని కమిషన్‌ను కోరవచ్చు. అదే ఛాసిస్ నంబరుతో రవాణా మంత్రిత్వ శాఖ రీకాల్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేస్తే, అది అదే మోడల్ మీద వచ్చిన మిగతా ఫిర్యాదుల లెక్కలో చేరుతుంది.